ఏ దుబాయి?

మొన్న ఆదివారం పొద్దున మా అక్క మనుమణ్ణి తీసుకురావడానికి ఇక్కడ బహ్రెయిన్‌లో ముహర్రక్ విమానాశ్రయానికి వెళ్లాను. వాడికి సీఫ్‌లో ఒక మాల్‌లో పని కుదిరింది. మొదటిసారి ఇల్లు దాటిన పిల్లవాడు, బయటికి వచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంటుందేమో, కాస్త ధైర్యం చెబుదామని నేను గంట ముందే వెళ్లి కమ్మీ పట్టుకొని నిలబడితే, ఆ మహానుభావుడు దువ్వుకున్న జుట్టు చెదరకుండా, అరచేతిలో ఫోను అద్దంలా పట్టుకొని, అందులో కనబడుతున్న మా అక్కతో ముచ్చటపెట్టుకుంటూ తీరిగ్గా నడిచి వచ్చాడు. "అమ్మమ్మా, దిగిన. దుబాయిల దిగిన" అన్నాడు. ఫోనులోంచి మా అక్క గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "ఏ దుబాయి బిడ్డా?" అని అడిగింది.

వాడు ముసలావిడ చాదస్తమనుకొని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడి పెట్టె అందుకోబోయిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

మాది జగిత్యాల వైపు. నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మా దిక్కున సముద్రం దాటి పనికి పోయినవాడు ఎవడైనా సరే దుబాయి పోయినట్టే లెక్క. మస్కట్ పోయినా దుబాయే, కువైట్ పోయినా దుబాయే, సౌదీ ఎడారిలో గొర్రెలు కాసినా దుబాయే. నేను బహ్రెయిన్ వచ్చి ముప్పై ఏళ్లకు దగ్గరవుతోంది, ఇప్పటికీ సెలవు మీద ఊరికి పోతే బస్టాండు దగ్గర హోటలాయన దుబాయికెల్లి ఎప్పుడొచ్చినవని అడుగుతాడు, నేనూ నిన్ననే అంటాను. అందులో తప్పేముందని అనుకునేవాణ్ణి. ఏ దుబాయి అన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టింది కాదు. దాన్ని మొదట అడిగింది చైనా దేశపు చరిత్ర రాయడానికి జీవితమంతా ధారపోసిన ఒక తెల్లదొరసాని. ఆ ముచ్చట చెప్పాలంటే నేను డ్రైవరునైన రోజుల దాకా వెనక్కి పోవాలి.

వచ్చిన కొత్తలో నేను ఇటుకలు మోసినవాణ్ణే. లైసెన్సు పరీక్షలో పలుమార్లు తప్పి, నేర్పే పఠాను చేత నానా తిట్లూ తిని, చివరికి ఎట్లాగో గట్టెక్కాక మా కంపెనీ నన్ను ఒక కాలేజీకి డ్రైవరుగా ఇచ్చింది. కాలేజీవాళ్లు నన్ను ఈమెకు అప్పజెప్పారు. నేనుండే క్యాంపు సల్మాబాద్‌లో, ఆమె ఇల్లు ముహర్రక్ పాత ఊళ్లో, కారు పట్టీపట్టని సందుల మధ్య. తక్కిన పంతుళ్లంతా అద్దాల మేడల్లో ఉంటే ఈమెకు ఆ గచ్చు ఊడిన పాత ఇల్లే కావాల్సి వచ్చింది. సందు మొదట ఒక ఖుబూస్ దుకాణం ఉండేది, వేడివేడి రొట్టెల కోసం పొద్దున్నే జనం వరుస కట్టేవారు. నేను కారును ఆ దుకాణానికి ఎదురుగా ఆపుకొని, ఆమె వచ్చేదాకా ఆ వరుసను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పనుంది.

క్యాంపులో మా గది వాళ్లు ఆమెను చైనా మేడం అనేవాళ్లు. ఆమె చైనా మనిషేననుకొని, మీ మేడం కప్పలు తింటదా పాములు తింటదా అని నన్ను రోజూ ఆటపట్టించేవాళ్లు. ఒకసారి కారు చెడిపోయి ఆమె మా క్యాంపు గేటు దాకా వస్తే, వెల్లవేసిన గోడలాంటి ఆ తెల్లని మనిషిని చూసి వాళ్లంతా నా మీద కోపం తెచ్చుకున్నారు, ఇన్నాళ్లు మమ్మల్ని మోసం చేసినవు కదరా అని. ఆమెకు అప్పటికే అరవై దగ్గర పడింది. కారులో వెనక సీట్లో కూర్చునేది కాదు, ముందు నా పక్కనే. మొదట్లో నేను తలుపు వైపుకు ఒదిగి కూర్చునేవాణ్ణి. ఆమె హిందీ, నా ఇంగ్లీషు రెండూ కుంటివే. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకొని నడిచేవి. నన్ను భాయ్ అని పిలిచేది.

ముహర్రక్ నుంచి మనామాకు వంతెన దాటాలి. పొద్దుటి పూట ఆ వంతెన మీద బళ్లు బారులు తీరి కదలవు. ఆమె కథంతా నాకు ఆ వంతెన మీదే, ఇవాళ కొంత రేపు కొంతగా తెలిసింది. ఏదో చలిదేశపు రేవు పట్నంలో రొట్టెల దుకాణం నడిపే ఆయన కూతురట. చిన్నప్పుడు ఆ రేవులో చచ్చిపోయిన చైనా ఓడకూలీల సమాధులు చూసి, ఆ రాళ్ల మీద ఉన్నవి గీతలా అక్షరాలా అని వాళ్ల నాన్నను అడిగితే ఆయన నాకేం తెలుసన్నాడట. ఆ పంతంతో చైనా భాష నేర్చింది. పెద్ద చదువులు చదివింది, పెద్ద విశ్వవిద్యాలయంలో పంతులమ్మ అయింది. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ కదా మేడం అని నేనంటే, రాజుల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు భాయ్, నేను వాకిట్లో నిలబడి ఎదురుచూసిన ఆడవాళ్ల గురించి రాశాను అంది. చైనా దక్షిణాన సముద్రం పక్క ఊళ్లలో మగవాళ్లంతా నూరేళ్ల కిందటే ఓడలెక్కి పరదేశాలకు కూలికి పోయేవాళ్లట. వాళ్ల పెళ్లాలు ఇళ్లు కాచుకొని, అత్తమామలకు చాకిరీ చేసుకొని, ఉత్తరాల కోసం చూసేవాళ్లట. ఆమె ఆ ఊళ్లలో ఏళ్లతరబడి తిరిగి, ఆ ముసలమ్మల పక్కన పీటల మీద కూర్చొని, వాళ్లతో పాటు ఆకుకూరలు తుంచుతూ రాసిన మొదటి పుస్తకానికి చాలా పేరొచ్చిందట. ఆ పేరు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె కిటికీలోంచి బయటికి చూసేది.

ఎందుకు అట్లా చూసేదో తెలియడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఆ ఊళ్లలో ఒకదానిలో ఆమె ఒక ముసలావిడ ఇంట్లో ఉండేదట. ఆవిడను పెద్దమ్మా అని పిలిచేదట, వాళ్ల భాషలోనూ మనలాగే వరసలుంటాయట. పెద్దమ్మ పెళ్లయిన ఏడాదిలోపే భర్త ఓడెక్కాడు. కొన్నాళ్లు ఉత్తరాలొచ్చాయి, ఆగిపోయాయి. ఆవిడ మళ్లీ పెళ్లాడలేదు, గోడ మీద పెద్దల పటాల పక్కన ఆయన ఫోటో పెట్టుకొని ఊదొత్తులు వెలిగించుకుంటూ ముసలిదైపోయింది. ఇంత చదువుకున్నదానివి, ఆయన ఎటు పోయాడో కనుక్కో అని ఒక్క కోరిక కోరిందట. ఎక్కడికి పోయాడు పెద్దమ్మా అంటే, బంగారు కొండకు అందట. ఆ ఊళ్లలో అమెరికాను అట్లా పిలుస్తారని మేడంకు తెలుసు. అమెరికా పోయింది, రేవుల్లో కాగితాలన్నీ తిరగేసింది, అదే పేరు, అదే జిల్లా మనిషి ఒకడు దొరికాడు. అక్కడ వేరే పెళ్లి చేసుకొని పిల్లాపాపలతో బతికి చచ్చిపోయాడు. తిరిగి వచ్చి పెద్దమ్మకు చెప్పింది. ఆవిడ ముక్కాలిపీట ఎక్కి, ఎవరినీ ముట్టుకోనియ్యకుండా తనే ఆ ఫోటో దించి, గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టిందట. ఆ మరుసటి చలికాలంలో పోయింది.

మేడం ఆ కథను రెండో పుస్తకంలో రాసింది. బహుమతులొచ్చాయి. చాలా ఏళ్లకు, ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక చైనావాళ్ల అబ్బాయి, తనూ చరిత్ర చదివినవాడే, అక్కడి ఒక సమాధి రాయి సంగతి పత్రికలో రాశాడు. పెద్దమ్మ భర్త పేరు, ఊరి పేరు, ఇంటి పేరు అన్నీ ఆ రాయి మీద ఉన్నాయి. ఓడెక్కిన రెండేళ్లకే జ్వరమొచ్చి అక్కడ చచ్చిపోయాడు. మేడం విమానమెక్కి పోయి ఆ రాయిని తన వేళ్లతో తడిమి చదువుకుంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు అమెరికానూ బంగారు కొండే అనేవాళ్లు, ఆస్ట్రేలియానూ బంగారు కొండే అనేవాళ్లు. మగవాడు సముద్రం దాటితే చాలు, బంగారు కొండకు పోయినట్టే. ఎన్నో ఏళ్లు ఆ ఇళ్లలో తిన్నాను భాయ్, ఏ బంగారు కొండ పెద్దమ్మా అని ఒక్కసారి అడగలేదు అంది. ఆమె ఏడవలేదు గానీ, ముక్కు పుటాలు ఎర్రబడ్డాయి. తప్పు నాదే అని అదే పత్రికలో ఆమె రాసేసింది. వేలమందిలో ఒక్క మనిషి, దానికింత గొడవెందుకని తోటివాళ్లన్నారట. పెద్దమ్మకు ఉన్నది ఒక్క మనిషే కదా అని ఈమె జవాబు. ఆమెను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, తనకే పిల్లల ముందు నిలబడి చరిత్ర చెప్పబుద్ధి కాలేదు. తనను ఎరిగినవాళ్లు ఎవరూ లేని చోటు వెతుక్కొని ఈ దీవికి వచ్చి, మొదటేడు పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పుకుంటూ కూర్చుంది. అంత చదువు చివరికి చేరింది ఇక్కడికి.

ఇంత విన్నాక నేనేమన్నానో చెబితే మీరు నవ్వుతారు. పోయిన దేశం పేరు కూడా తెల్వని మనుషులుంటరా మేడం, వట్టి అమాయకులు ఆ చైనావాళ్లు అన్నాను. ఆమె నవ్వలేదు. 

ఆ రోజుల్లోనే మా ఇంట్లో వేరే కష్టం నడుస్తోంది. మా బావ, అంటే అక్క పెనిమిటి, అంతకు రెండేళ్ల ముందు ఏజెంటును పట్టుకొని దుబాయి పోయాడు. నాకూ బావకూ మాటల్లేవు. ఊళ్లో బావి మోటరు వంతు దగ్గర ఒక ఎండాకాలం మాట మీద మాట పెరిగి, పారలు ఎత్తుకునే దాకా పోయి, ఆనాటి నుంచి ముఖాలు చూసుకోలేదు. సెలవుకు పోయినప్పుడు కూడా ఆయన ఎదురైతే నేను గట్టు దిగి పక్కకు తప్పుకునేవాణ్ణి. అందుకని ఆయన సంగతులు నాకు అక్క నోటి వెంటే, నా సంగతులు ఆయనకు అక్క నోటి వెంటే. మీ బావ గూడ దుబాయిలనే ఉన్నడు, ఒకపారి కలువురాదు తమ్మీ అని అక్క ఫోనులో బతిమాలేది. దుబాయి ఎక్కడ, నేనెక్కడ, మధ్యల సముద్రముందే అక్కా అని తప్పించుకునేవాణ్ణి. మనసులో కూడా కలవాలని లేదు.

ఉన్నట్టుండి బావ ఫోన్లు ఆగిపోయాయి. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, బతుకమ్మ పండుగ వచ్చి పోయింది. అక్క ఏజెంటు ఇంటి చుట్టూ తిరిగింది, వాడు ఊరు వదిలి ఎటో పోయాడు. దుబాయిలో ఉన్న మా ఊరి పిల్లలను నేను ఫోన్లో బతిమాలాను, వాళ్లు పాపం సెలవు రోజుల్లో క్యాంపు క్యాంపు తిరిగి వెతికారు. వాళ్లలో ఒకడు, బజారులో బావలాంటి మనిషిని ఎవరో ఆడమనిషితో చూశానని ఇంటికి చెప్పాడు. ఇక చూసుకోండి. ఊరంతా ఒకటే గుసగుస. అక్కను పసుపుకుంకుమకు పిలవాలా వద్దా అని ఆడవాళ్లు గుమ్మం ముందు ఆగి చూపులు కలుపుకునేవాళ్లట. నేను ముండమోసిందాన్నా, మొగడు వదిలిపెట్టిందాన్నా, ఏదో ఒకటి తెలిస్తె అట్లనే బతుకుత తమ్మీ, గీ నడుమ బతుకు బతకలేను అని ఫోనులో అంటుంటే నేను రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాను, వినలేక. నిజం చెప్పొద్దూ, బావ అంతపని చేసి ఉంటాడనే నాకూ అనిపించింది.

ఒకరోజు అక్క, పెళ్లినాటి ఫోటోను గోడ మీది నుంచి తీసి వడ్ల గుమ్మిలో వేసిన అని చెప్పింది. ఆ మర్నాడు వంతెన మీద నా ముఖం చూసి మేడం ఏమైందని అడిగింది. అంతదాకా నా ఇంటి గొడవలు ఆమెకు ఎప్పుడూ చెప్పినవాణ్ణి కాదు. ఆ పూట ఎందుకో అన్నీ చెప్పేశాను. ఆమె వింటూ వింటూ, ఫోటో దగ్గరికి వచ్చేసరికి సీటులో నిటారుగా అయింది.

"ఆయన దుబాయిలో ఉన్నట్టు మీ అక్కకు ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పిండు మేడం."

"మరి నువ్వెక్కడ ఉన్నావని చెబుతుంది మీ అక్క?"

నేను జవాబు చెప్పబోయి నోరు తెరిచాను. మా అక్క నన్ను గురించి ఊళ్లో ఏమని చెబుతుందో నాకు తెలియకనా. మా తమ్ముడు దుబాయిల డ్రైవరు అని చెబుతుంది. ఆ మాట నోట్లోంచి రావడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. "దుబాయి అంటది మేడం" అన్నాను.

వంతెన దిగగానే బండి పక్కకు ఆపమంది.  ఏ దుబాయి అని మీ అక్కను అడుగు భాయ్ అంది. అక్కకు ఏం తెలుస్తది మేడం, ఆమెకు అన్నీ ఒకటే అన్నాను. దానికామె, దేశం పేరు అడగకు, ఆయన ఏం చూశాడో అడుగు, ఏం విన్నాడో అడుగు, ఎటు నడిచి పనికి పోయేవాడో అడుగు, మనుషులు పేర్లు మరిచిపోతారు గానీ ఇవి ఇంటికి చెప్పకుండా ఉండరు అంది. జీవితమంతా చదివి ఆమె నేర్చుకున్న పాఠం అదేననుకుంటాను, కాకపోతే పెద్దమ్మ దగ్గర అక్కరకు రాలేదు. ఆ రోజు కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పేసింది. అక్కడే ఒక దుకాణంలో ఫోను కార్డు కొన్నాం.

అక్కను పక్కింటివాళ్లు పొలం నుంచి పిలుచుకొచ్చారు. బావ నీతోటి ఏమేం చెప్పేటోడే అక్కా అంటే మొదట ఏడ్చింది, తర్వాత ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. ఎండలు మస్తున్నయి అనేటోడు. సరే, ఎండలు ఎక్కడ లేవు. సల్మాబాద్ అన్న పేరు ఆమె నోట రాలేదు, ముహర్రక్ అన్న పేరూ రాలేదు. "ఇమానాలు నెత్తి మీదికెల్లి పోతయట తమ్మీ. గిన్నెల మీది మూతలు గలగలమంటయట. నువ్వు ఫోన్ల ఉంటె గూడ నీ మాట ఇనరాదు అని ఒకపారి కొట్లాడిన. డ్యూటీకి పోవాల్నంటె సముద్రం మీది పులు దాటాల్నట" అంది. పులు అంటే వంతెన. నేను దాన్ని మేడంకు చెప్పనక్కర్లేకపోయింది. నా ముఖం చూసి ఆమెకే అర్థమైంది. ముహర్రక్‌లో ఆమె ఇంటి మీదుగా విమానాలు దిగినప్పుడల్లా మా మాటలు సగంలో ఆపుకొని, పోయాక మళ్లీ మొదలుపెట్టుకునేవాళ్లం. నేను రోజూ దాటేది ఆ పులే.

పొద్దున్నే కూలీలంతా చేరే ఆ ఖుబూస్ దుకాణం దగ్గర అడిగాం. రొట్టెలు కాల్చే ఆయనకు బావ ఫోటో లేకుండానే ఆనవాలు తెలిసింది, ఎడమ కనుబొమ మీద గాటు ఉన్న మనిషి కదా అన్నాడు. ఆ గాటు బావి దగ్గర నా పార అంచు తగిలి పడిందే. బావ నిరుడే కంపెనీ వదిలేశాడట. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చెప్పకుండా వదిలేసి బయట దొరికిన పని చేసుకునేవాణ్ణి ఇక్కడ మావాళ్లు ఖల్లివెల్లి అంటారు. అట్లాంటి నలుగురు ఆ సందు వెనకే, మేడం ఇంటి గోడకు ఆనుకొనే ఒక గదిలో ఉండేవాళ్లు. అందులో మిగిలిన ఇద్దరు బెంగాలీ కుర్రాళ్లు మమ్మల్ని చూసి మొదట తలుపు వేసుకున్నారు, మేడం తలుపు సందులోంచి ఏదో నచ్చజెప్పాక తీశారు. పండుగల ముందు బావకు ఒక పూట మూతి వంకరపోయి, మాట పడిపోయి, కుడి పక్క చచ్చుబడింది. వీళ్లకూ కాగితాలు లేవు. టాక్సీలో ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకుపోయి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, భయపడి వచ్చేశారు. తిట్టండి భాయ్ అని తలవంచుకున్నారు. వాళ్లనేమని తిడతాం.

పేరు చెప్పలేని రోగిని ఆసుపత్రిలో బాబా అని పిలుచుకుంటున్నారు. మలయాళీ నర్సమ్మ మమ్మల్ని మంచం దగ్గరికి తీసుకుపోయింది. బావ గడ్డం తెల్లగా పెరిగిపోయి గోడ వైపు చూస్తూ పడుకొని ఉన్నాడు. బావా అన్నాను. ఎన్నేళ్లయిందో ఆ పిలుపు పిలిచి. ఆయన మెల్లగా తల తిప్పాడు. గుర్తుపట్టాడు. మంచి కన్నులోంచి నీళ్లు కారి గడ్డంలోకి జారాయి. నోటిలో ఒక పక్క మాత్రమే కదులుతోంది, మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నేను వంగి చెవి దగ్గరగా పెట్టాను.

"బామ్మర్దీ" అన్నాడు, "దుబాయికెల్లి ఎప్పుడొచ్చినవ్?"

 అక్క ఆయనకూ అదే చెప్పింది కదా, తమ్ముడు దుబాయిల ఉన్నడని. తాను ఉన్నది బహ్రెయిన్ అని ఆయనకు తెలుసు, నేనున్నది బహ్రెయిన్ అని నాకు తెలుసు, అవతలివాడు మాత్రం దుబాయిలో ఉన్నాడని ఇద్దరమూ నమ్మాం. నేను రోజూ ఖుబూస్ వరుసను చూస్తూ కూర్చున్నది ఆయన గది ముందే. ఆ వరుసలో ఆయన నిలబడిన పొద్దులు ఎన్ని ఉన్నాయో, తువ్వాలు తలకు చుట్టుకున్న వందమందిలో ఒకడనుకొని నేను ఎన్నిసార్లు చూపు తిప్పుకున్నానో, ఇప్పటికీ లెక్కకు రాదు. మేడం కాసేపు తలుపు దగ్గరే నిలబడి, తర్వాత లోపలికి వచ్చి బావ చచ్చుబడ్డ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. చైనా భాషలో ఏదో అంది. ఏమన్నదో నేను అడగలేదు.

బావను ఇంటికి పంపడానికి మేడమే ఆఫీసుల చుట్టూ తిరిగింది, కఫీల్ దగ్గర కూడా కూర్చొని ఒప్పించింది. బావ ఊరికి పోయేముందు నేను రోజూ డ్యూటీ అయ్యాక ఆసుపత్రికి పోయి గడ్డం గీసేవాణ్ణి, అన్నం తినిపించేవాణ్ణి. మోటరు వంతు సంగతి ఇద్దరం ఎత్తలేదు. అక్క ఫోటోను గుమ్మిలోంచి తీసి, వడ్ల దుమ్ము దులిపి, మళ్లీ గోడకు తగిలించానని చెప్పిన రోజు ఆ మాటను మేడంకు చెబితే, ఆమె కాలేజీ గేటు ముందు కారు దిగకుండా చాలాసేపు కూర్చుండిపోయింది. బావ ఊళ్లో అరుగు మీద కూర్చొని, అక్క చేతి ముద్ద తిని, కూతురి పెళ్లి చూసి, మరో నాలుగేళ్లు బతికాడు. అక్క ఆ నాలుగేళ్లే నా సంసారం తమ్మీ అంటుంది.

మేడం ఆ మరుసటి వేసవిలోనే ఉద్యోగం మానేసింది. ఇదే విమానాశ్రయానికి నేనే దింపాను. ఆస్ట్రేలియాలోని ఆ సమాధి రాయి ఫోటో ఒకటి అద్దం కట్టించుకొని, పెట్టెలో వేయకుండా చేతిలోనే పట్టుకుంది. పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో, తనను గుమ్మంలోకి రానిస్తారో లేదో తెలియదు, అయినా పోతున్నా భాయ్, పెద్దమ్మ దించిన ఫోటోను మళ్లీ గోడకు పెట్టమని వాళ్ల కాళ్లు పట్టుకుంటా అంది. నేను ఆమె కాళ్లకు దండం పెట్టబోతే గట్టిగా భుజాలు పట్టి లేపింది. ఆ తర్వాత ఆమె కబురేమీ తెలియలేదు. ఫోటో గోడకెక్కిందో లేదో నాకు తెలియదు. ఎక్కి ఉంటుందని నేను నమ్ముతాను, నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు ఆ సందులో ఖుబూస్ దుకాణం లేదు, చల్లటి కాఫీ అమ్మే అద్దాల గది వచ్చింది. బావ ఉన్న గదికి రంగులు వేసి ఎవరో చుట్టాల సత్రంలాగా నడుపుతున్నారు. మనుషులు తప్పిపోవడం అంత సులువు కాదు ఇప్పుడు, ఎక్కడున్నారో ఫోనే చుక్క పెట్టి చూపిస్తుంది. మా మనుమడు కూడా విమానాశ్రయం గుమ్మంలోనే ఆ చుక్కను అమ్మమ్మకు పంపించాడు, చూసుకో, గిదే నేనున్న జాగ అని. అక్కకు చదువు రాదు, కంటి చూపు కూడా తగ్గింది. మా ఊళ్లో ఏ ఇంటి పిల్లవాడు బయలుదేరినా వాళ్ల అమ్మనో పెళ్లాన్నో పట్టుకొని, ఏ దుబాయి పోతుండు, అడిగి పెట్టుకో అని నిలదీసేది ఆమె ఒక్కతే, అందుకు ఊరివాళ్లు ఆమెను కొంచెం తిక్కదనుకుంటారు. చుక్కను ఆమె ఏం చేసుకుంటుంది.

మేం బయటికి వచ్చేసరికి పైన ఒక విమానం దిగుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా వాడు ఫోను చేతితో మూసి పట్టుకున్నాడు. తీయగానే అక్క అడిగింది, "గది ఇమానమేనా బిడ్డా? నెత్తి మీదికెల్లే పోయిందా?"

"అవునమ్మమ్మా, నెత్తి మీదికెల్లే."

"అయితె అదే" అంది అక్క. "మీ తాత ఉన్న దుబాయే."

వాడికి ఆ మాట అర్థం కాలేదు. పెట్టె కారులో పెట్టి, నా పక్క సీట్లో కూర్చోబెట్టుకొని, వంతెన మీద అంతా చెబుదామనుకున్నాను. పొద్దుటి పూట ఆ వంతెన మీద బళ్లు ఇప్పటికీ కదలవు. కానీ రాత్రంతా నిద్రలేక వచ్చిన పిల్లవాడు, వంతెన ఎక్కేసరికే తల పక్కకు వాల్చి నిద్రపోయాడు.